రెల్లుకి అదే ధర

ఫిబ్రవరి 3, సోమవారం

బ్యాంకులో కొత్తగా వచ్చినావిడ, మీరు అమ్మేదేమిటండీ అని అడిగింది. వాద్యం అన్నాను. ఏ వాద్యం అంది. సింథసైజర్ అన్నాను. కంప్యూటర్‌లో ఉంటుంది, కీబోర్డు తగిలించుకుని వాయించుకోవచ్చు, మాది సాఫ్ట్‌వేర్ మాత్రమే అని వివరంగా చెప్పాను. అయితే ముట్టుకోవడానికేమీ ఉండదా అంది. ఉండదన్నాను. అయ్యో పాపం అన్నట్టు చూసింది.

దాని పేరు రెల్లు. ఇరవై ఏళ్ళ కిందట మామయ్య చేశాడు. పేరు పెట్టింది అమ్మ. తమ్ముడు చేసిన మొదటి శబ్దం విని, గాలికి రెల్లు దుబ్బు ఊగినట్టుందిరా అందట. అమ్మకి సంగీతం బొత్తిగా తెలియదు. మామయ్య మటుకు ఆ మాటనే పట్టుకుని దాని పేరు చేసేశాడు.

ఆఫీసుకి వచ్చేసరికి మెయిల్ ఉంది. వీడియోల్లో ఇలాంటివి పరీక్షించి చెప్పే అతను, ఎప్పుడూ టోపీతో కనిపిస్తాడు, మేం టోపీ అనే అంటాం. అతని తర్వాతి వీడియో రెల్లు మీదట. "ఇంత పాతబడ్డాక కూడా ఈ ధర పెట్టి కొనదగ్గదేనా?" అన్నది టైటిల్. నాలుగో వెర్షన్ వస్తోందని విన్నాడట, బీటా, అంటే విడుదలకి ముందు పరీక్షించే కాపీ, పంపగలరా అని అడిగాడు.

మామయ్య మెయిల్ చదివి కుర్చీలో గిర్రున తిరిగాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి! పంపమన్నాడు. ధర దగ్గర మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. మిగతా కంపెనీలన్నీ సగానికీ పావుకీ దించేసినా మామయ్య ఒక్కసారి కూడా ధర తగ్గించలేదు. మనమే చవగ్గా చూస్తే ఇంకెవరు గౌరవంగా చూస్తారు అంటాడు.

ఫిబ్రవరి 6, గురువారం

నాలుగో వెర్షన్ మొదటిసారి పూర్తిగా విన్నాను.

హెడ్‌ఫోన్స్ పాడయ్యాయనుకున్నాను. మార్చాను. స్పీకర్లలో పెట్టాను. రేకు డబ్బా మీద మేకుతో గీసినట్టు ఉంది. కింది స్వరాలు అవే, నడుమవీ అవే. పైన మాత్రం పళ్ళు జివ్వుమంటున్నాయి.

మామయ్య నా వెనకే నిలబడి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ముఖం వెలిగిపోతోంది. చూశావా అమ్మడూ, ఇన్నాళ్ళూ దీని మీద దుప్పటి కప్పి ఉంది, ఇప్పటికి తీశాను అన్నాడు.

బాగుంది మామయ్యా అన్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఎందుకన్నానో ఆ మాట.

ఫిబ్రవరి 11, మంగళవారం

నాటకాలాయన దగ్గర్నుంచి మెయిల్. నాటకాలకి నేపథ్య సంగీతం చేస్తాడు. మొదటి వెర్షన్ నుంచీ మనిషి మాతోనే ఉన్నాడు. రెల్లంటే చెవి కోసుకుంటాడు. బీటా ఆయనకీ పంపాం. ఎంత మర్యాదగా రాశాడో. నా స్పీకర్లకి జలుబు చేసినట్టుంది, పైన ఏదో గరగర, మీకూ వినిపిస్తోందా లేక నాకేనా అని.

మామయ్యకి చూపించాను. నవ్వి, ఆయనకి వయసు మీద పడుతోంది పాపం అన్నాడు.

తర్వాత కోడ్ తెరిచి చూశాను. పై స్వరాలన్నింటినీ మామయ్య గట్టిగా వినపడేలా ఎత్తిపెట్టాడు. ఒకేసారి కాదు. రెండేళ్ళుగా కొంచెం కొంచెం. పక్కన తన నోట్స్: "ఇంకా మూసుకుపోయినట్టుంది." "కొత్త కంప్యూటర్లలో రెల్లు మొద్దుబారిపోతోంది, ఇంకొంచెం." "ఇంకొంచెం."

సాఫ్ట్‌వేర్‌కి తుప్పు పట్టదు. ఆ సంగతి నాకు నేర్పింది మామయ్యే.

ఫిబ్రవరి 12, బుధవారం

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య ఆఫీసులోనే ఉన్నాడు. అత్తయ్య ఒక్కతే ఉంటుందనే వెళ్ళాను.

బెల్లు కొట్టాను. ఎప్పటి సన్నటి బెల్లు కాదు. భోంయ్‌మని మోగింది, ఓడలో మోగినట్టు. బెల్లు మార్చారా అత్తయ్యా అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, తెలిసిపోయిందా అంది.

రెండేళ్ళయిందట. కెటిల్ ఈల వేస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడట. నీళ్ళన్నీ మరిగి మాడిపోతున్నా కదిలేవాడు కాదు. మైక్రోవేవ్ పిలుపు వినిపించదు. ఫోను కూతా అంతే. ఆవిడ ఒక్కొక్కటే మార్చేసింది. కెటిల్ పారేసి గిన్నెలో కాచుకుంటోంది. బెల్లు మార్చింది. వెనకనుంచి పిలవడం మానేసి ఎదురుగా వెళ్ళి మాట్లాడుతోంది. ఆయనకి మాత్రం తెలియదు అంది. ఏ ఇంట్లోనైనా శబ్దాలు తగ్గిపోతే ప్రశాంతంగా ఉందనుకుంటారు గానీ చెవులు పోయాయనుకుంటారా అంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా అన్నాను. తీసుకెళ్తే ఏమంటాడో నాకు తెలుసు, అది విని మీ మామయ్య ఏమైపోతాడో కూడా తెలుసు అంది. నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు చెప్పకు అమ్మాయ్, నీ నోటివెంట అసలే రాకూడదు అంది.

ఫిబ్రవరి 15, శనివారం

అమ్మ పోయినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. తిండి లేదు, స్నానం లేదు. అస్తమానం మంచం మీదే. మామయ్య వచ్చి మంచి మాటలేవీ చెప్పలేదు. ఆఫీసుకి లాక్కొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, రెండు శబ్దాలు వినిపిస్తాను, ఏది బాగుందో చెప్పు, అంతే నీ పని అన్నాడు.

నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. మళ్ళీ విను అన్నాడు. రోజంతా మళ్ళీ విను, మళ్ళీ విను. నెలకో రెండు నెలలకో ఒకరోజు తేడా వినిపించింది. రెండోదాన్లో పైన చిన్న మెరుపు ఉంది మామయ్యా అన్నాను. అదీ అని బల్ల చరిచాడు. ఆ సాయంత్రం అన్నం తిన్నాను.

నాకున్న చెవులు ఆయనిచ్చినవే.

ఫిబ్రవరి 20, గురువారం, ఉదయం

టోపీ మళ్ళీ రాశాడు. వచ్చేవారం రికార్డింగట. ఈరోజే పంపాలి.

అదే రోజు, సాయంత్రం

పంపాను. కానీ మామయ్య చేసినదాన్ని పంపలేదు.

కాపీ తీసుకుని, మామయ్య ఎత్తిపెట్టినవన్నీ కిందికి దించాను. ఒక్కోటీ విని, దించి, మళ్ళీ విని. ఎక్కువసేపేమీ పట్టలేదు. రెల్లు ఎలా ఉండాలో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. దించాక ఎంత బాగుందో! నాలుగో వెర్షన్లో మామయ్య కొత్తగా చేసిన ఊపిరి, స్వరం మొదలయ్యే ముందు చిన్న తటపటాయింపు, అవన్నీ అప్పుడే పైకొచ్చాయి. ఆ గరగర కింద ఇంత మంచి పని దాక్కుని ఉందని ఇవాళే తెలిసింది.

పంపావా అని మామయ్య అడిగాడు. పంపానన్నాను. అబద్ధం కాదు.

మార్చి 3, సోమవారం

వీడియో వచ్చింది. ఇద్దరం కలిసి చూశాం. మామయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

టోపీ మొదట్లో వేళాకోళంగానే మాట్లాడాడు. బటన్లు చీమల్లా ఉన్నాయన్నాడు. ఈ రంగులు చూస్తే మా తాతగారి స్వెట్టర్ గుర్తొస్తోందన్నాడు. సగం ధరకి రెండింతల శబ్దాలిచ్చేవి ఉన్నాయన్నాడు. మామయ్య నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత టోపీ వాయించడం మొదలుపెట్టాడు. వాయిస్తూ వాయిస్తూ మాటలు మానేశాడు. చివర్న ఒకటే అన్నాడు. ముసలిదే, ధర ఎక్కువే, కానీ మిగతావాటిలో శబ్దాలుంటాయి, దీన్లో ఎవరో ఉన్నారు, కొనండి అన్నాడు.

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నేను బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషంగా ఉండాల్సింది.

మార్చి 4, మంగళవారం

ఇవాళ్టిది రాయక తప్పదు.

టోపీ వాయించిన ముక్కలు మన వెబ్‌సైట్లో పెడదామని మామయ్య పొద్దున్నే దించుకున్నాడు. కత్తిరించడానికి బొమ్మ గీసే ప్రోగ్రాంలో తెరిచాడు. శబ్దాన్ని కొండల్లా గీసి చూపిస్తుందది. కింది స్వరాలు ఎడమ పక్క, పై స్వరాలు కుడి పక్క. కుడి పక్క కొండలుండాల్సిన చోట చదునైన నేల కనిపించింది.

మామయ్యకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. చూడమ్మడూ, ఈ టోపీ వెధవ నా పైస్వరాలన్నీ తినేశాడు, ఏం పనికిమాలిన మైకులు పెట్టాడో అన్నాడు. అలా కాదు మామయ్యా, పోనీలే మామయ్యా అంటున్నాను. వినడే. మెయిల్ టైపు చేయడం మొదలుపెట్టాడు. ఒక మనిషి రెండేళ్ళ పనిని నువ్వు ఇలా ముక్కలు కోస్తావా, అది రివ్యూయా అని. వేలు పంపే బటన్ దాకా వెళ్ళింది.

నేనే దించాను అన్నాను.

వినపడనట్టు చూశాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి ఎదురుగా వెళ్ళి, అత్తయ్యలా.

ఎందుకు అన్నాడు. ఎందుకు అని ఇంకోసారి అడిగాడు. పైన గీసుకుపోతోంది మామయ్యా, నీకు వినపడడం లేదు అన్నాను.

మామయ్య లేచి వెళ్ళి స్పీకర్లు సర్దాడు. ఒకే ఒక్క స్వరం కింద మొదలై మెల్లగా పైకి పాకేలా ప్రోగ్రాం పెట్టాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. వినపడుతున్నంతసేపూ ఇద్దరం చెయ్యెత్తి ఉంచాలి, ఆగిపోగానే దించాలి, ఆటే అనుకో అన్నాడు.

స్వరం పాకింది. హమ్మింగ్ దాటింది. ఈల అయింది. మామయ్య చెయ్యి దిగింది. నేనూ వెంటనే దించేశాను.

మామయ్య స్క్రీను చూశాడు. నన్ను చూశాడు. నీ వయసుకి ఇది వినపడకపోతే నిన్ను పన్లో పెట్టుకునేవాణ్ణే కాదు, ఎత్తు అన్నాడు.

ఎత్తాను.

అంకెలు మారుతూనే ఉన్నాయి. గది నిండా సన్నటి కూత. మామయ్య నా చెయ్యి వైపే చూస్తున్నాడు. ఇప్పుడైనా దిగుతుందా అని. దిగలేదు. ఇంకానా అన్నాడు. తలూపాను. ఇంకానా అన్నాడు. చెయ్యి నొప్పెడుతోంది, ఏడుపొస్తోంది, స్వరం ఆగట్లేదు. చివరికెప్పుడో ఆగింది. దించాను.

ఎలా ఉంటుంది అక్కడ అన్నాడు. సన్నగా, సూదిలా అన్నాను. ఊఁ అన్నాడు.

టోపీకి రాసిన మెయిల్ చెరిపేసి ఇంటికెళ్ళిపోయాడు.

మార్చి 10, సోమవారం

రావట్లేదు. ఫోను ఎత్తట్లేదు.

అత్తయ్య చేసింది. చెప్పొద్దని చేతులు పట్టుకుని చెప్పానా లేదా అని గట్టిగా అరిచింది. నేను విన్నాను. అరిచి అరిచి ఆవిడే తగ్గింది. ఇల్లంతా తిరుగుతున్నాడట. మైక్రోవేవ్ ఖాళీగా తిప్పి ముందు నిలబడుతున్నాడట. కొళాయి కొంచెం తెరిచి చెవి పెడుతున్నాడట. నిన్న స్టూలెక్కి తలుపు బెల్లు ఊడదీసి, ఇదెప్పుడు మార్చావ్ అన్నాడట. చెప్పిందట. కోప్పడతాడనుకుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడట. తర్వాత, నా కోసం కెటిల్ కూడా పారేశావుటే అన్నాడట.

అది చెప్పి ఫోన్లోనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకరి ఏడుపు ఒకరు విన్నాం. కనీసం మాకు వినపడుతుంది.

మార్చి 18, మంగళవారం

వచ్చాడు. రెండు చెవుల వెనకా చిన్న మిషన్లు. గుమ్మంలోనే, ఏమిటమ్మడూ మనిషి ఎలా ఉన్నాడు, కొత్త పెళ్ళికొడుకులా లేనూ అన్నాడు. డాక్టరు వయసు అన్నాడట. పోయినది తిరిగి రాదు, మాటలు మాత్రం దీనితో బాగా వినబడతాయి అన్నాడట.

వాటితోనే రెల్లు వాయించాడు. కాసేపటికి ఆపి మిషన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఇది పాట వినడం కాదమ్మడూ, పాట ఎలా ఉందో పక్కింటావిడ చెబుతుంటే వినడం అన్నాడు.

తర్వాత అసలు సంగతికొచ్చాడు. మూడో వెర్షన్, ఇప్పుడు అమ్ముతున్నది, అది మొద్దుబారిందా అని అడిగాడు. లేదన్నాను. ఎప్పుడూ లేదా? ఎప్పుడూ లేదు, నువ్వు చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది అన్నాను. నామీద జాలితో చెబుతున్నావా అన్నాడు. చెయ్యి ఎత్తనా అన్నాను. వద్దులే తల్లీ అన్నాడు.

అయితే ముసలిది అది కాదన్నమాట అన్నాడు.

మార్చి 19, బుధవారం

మామయ్య టోపీకి మెయిల్ రాశాడు. నన్ను చదవమన్నాడు. మీరు మెచ్చుకున్నది నా పని కాదు, నేను చేసినదాన్ని మా మేనకోడలు బాగుచేసింది, నాకు పైస్వరాలు వినపడడం మానేశాయి, అందుకని నాలుగో వెర్షన్ విడుదల చేయడం లేదు. మీ వీడియో చూసి ఎవరైనా దానికోసం ఎదురుచూస్తుంటే దయచేసి చెప్పండి.

నేను చేసిన వెర్షనే విడుదల చేద్దామన్నాను. బాగుంది కదా, నీ ఊపిరి ఉంది కదా అని బతిమాలాను. నాకే వినపడనిదాన్ని నాదని ఎలా అమ్మను అన్నాడు. ఇద్దరిదీ అని అమ్ముదాం అన్నాను. నేనున్నాక చేసుకో, నీ పేరుతో అన్నాడు. "నేనున్నాక" అన్నాడు. "పోయాక" అనబోయాడు. ఇద్దరం గమనించాం. సరిదిద్దుకోలేదు.

మార్చి 21, శుక్రవారం

టోపీ జవాబు. చాలా చిన్నది. మా నాన్నగారు పియానోలు శ్రుతి చేసేవారండీ, ఆయనకీ ఇలాగే అయింది, ఆయన ఎవరికీ చెప్పలేదు, ఊళ్ళో పియానోలన్నీ చెప్పాయి అని. అయితే జనానికి ఏది కొనమని చెప్పను అని అడిగాడు.

పాతదే, పాత ధరకే, పైసా తగ్గదు అని రాయమన్నాడు మామయ్య.

ఏప్రిల్ 9, బుధవారం

ఒక చిక్కు. నాటకాలాయన కొత్త కంప్యూటర్ కొన్నాడు. మూడో వెర్షన్ దాన్లో తెరుచుకోవట్లేదు. ఆయనకే కాదు, వరసగా అందరి దగ్గర్నుంచీ అవే మెయిళ్ళు. పాతది కొత్త మిషన్లలో నడవాలంటే లోపల పునాది మొత్తం మార్చాలి. శబ్దం ఇసుమంత కూడా మారకూడదు.

మామయ్య ఇది చేయలేడు అనుకున్నాను. పైకి అనలేదు.

మామయ్య చొక్కా చేతులు మడుచుకున్నాడు. దీనికి చెవులక్కర్లేదే అన్నాడు.

నిజమే. శబ్దమంటే కంప్యూటర్‌కి అంకెలే. పాతది ఇచ్చిన అంకెల్ని, కొత్తది ఇచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి ఒకదాన్లోంచి ఒకటి తీసేయాలి. మిగిలింది సున్నా అయితే రెండూ ఒకటే. సున్నా కాకపోతే ఎక్కడో తప్పుంది. రోజూ అదే పని. స్పీకర్లు ఆపేసి ఉంటాయి. వాద్యాలు చేసే గదిలో కీబోర్డు టకటక తప్ప చప్పుడు లేదు. తను చేసిన శబ్దాన్ని వినకుండానే ఒక్కో పుల్లా తీసి ఒక్కో పుల్లా పేరుస్తున్నాడు.

మధ్యమధ్య నన్ను పిలిచి, ఈ శబ్దం ఎలా ఉండేదో కొంచెం చెప్పు అంటాడు. చెబుతాను. కళ్ళు మూసుకుని వింటాడు.

ఏప్రిల్ 28, సోమవారం

ఇంకా సున్నా కాలేదు. అత్తయ్యకి కూడా తెలుసు, రోజూ సాయంత్రం ఫోన్ చేసి సున్నా వచ్చిందా అంటోంది. సున్నా కోసం ఇంతలా ఎదురుచూసే కుటుంబం ఇంకోటి ఉండదు.

మే 16, శుక్రవారం

సున్నా.

మామయ్య లేచి నిలబడి స్పీకర్లు ఆన్ చేశాడు. వాటిని తన కుర్చీ వైపు నుంచి నా కుర్చీ వైపు తిప్పాడు. నన్ను వాయించమన్నాడు. నాకు వాయించడం రాదు. అయినా అమ్మ విన్న ఆ మొదటి శబ్దం తెరిచి, ఒక్క స్వరం నొక్కి పట్టుకున్నాను. గాలి వచ్చింది. దుబ్బు ఊగింది. పైన ఆ చిన్న మెరుపు, నెలల తరబడి వినగా వినగా నాకు దొరికింది, అలాగే ఉంది.

బాగుందా అన్నాడు. అలాగే ఉంది అన్నాను. అన్నీనా? అన్నీ.

ఊఁ అన్నాడు. ఆయన కుర్చీ దగ్గరికి ఎంతవరకు వెళ్తోందో నాకు తెలుసు. కింద గాలి వెళ్తుంది. రెల్లు వెళ్ళదు.

అప్‌డేట్ పెట్టేశాం. పాతవాళ్ళందరికీ ఉచితం. మామయ్య త్వరగా ఇంటికెళ్ళాడు, అత్తయ్యకి కొత్త కెటిల్ కొనాలట.

మే 29, గురువారం

ఒక కొత్త కుర్రాడు రాశాడు. టోపీ వీడియో చూశాడట. ఇంత పాతదానికి ఇంత ధర ఎందుకండీ, నిజంగా అంత విలువ చేస్తుందా అని సూటిగా అడిగాడు.

మామూలుగా వీటికి నా దగ్గర రెడీగా జవాబుంటుంది. ఇవాళ మామయ్యని అడిగాను, ఏం రాయను అని. స్క్రీను మీంచి తల తిప్పకుండా, నాకెలా తెలుస్తుంది అమ్మడూ, ఇక నువ్వే చెప్పాలి అన్నాడు.

చేస్తుంది అని రాశాను. ఎందుకో రాయడానికి చాలా ప్రయత్నించాను. ఒక్క మాటే పంపాను.

జూన్ 22, ఆదివారం

సెలవు రోజు ఆఫీసుకి రమ్మన్నాడు. బల్ల మీద స్పీకర్లు వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. వాటి పక్కన అరచెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. ఏమీ వినపడలేదు. చెక్క లోపల ఏదో పెద్ద జంతువు నిద్రపోతున్నట్టు కదిలింది. తనూ చెయ్యి పెట్టాడు.

ఇంత కింది స్వరం ఎవరికీ వినపడదు, ఇక్కడ ఇద్దరం సమానం అన్నాడు.